గీ బందులకు ర్యామ్ ఉండదు మేడం

2020 సెప్టెంబర్ 1న, కరోనాకు మూతపడిన తెలంగాణ సర్కారు బడుల పిల్లలకు టీశాట్, యాదగిరి చానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. ఆ వారమే ఈ ల్యాప్‌టాప్ కొన్నాను. అప్పట్లో హన్మకొండలో ఏ షాపు మెట్లెక్కినా "ఉన్నది ఇదొక్కటే మేడం" అనేవాళ్లు. పదో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ (నడుస్తున్న పనులను పట్టి ఉంచే మెమరీ), 1 టీబీ హార్డ్‌డిస్క్, 34,500 రూపాయలు. కంపెనీ పేరు చెప్పను. రిపేరు షాపు బల్ల మీద ఇదే రోగంతో, అంటే తెర బందుల (హింజ్‌ల) దగ్గర పగిలి, ఇంకో రెండు కంపెనీలవి పడి ఉండటం చూశాక, నాదాన్ని ఒక్కదాన్నే బజారుకీడ్చడం న్యాయం కాదనిపించింది.

రోగం సంగతికి ముందు మంచి చెప్పాలి, అదీ ఆలస్యంగానే వచ్చింది. మొదటి మూడేళ్లు ఇది ల్యాప్‌టాప్ కాదు, సహనానికి పరీక్ష. బటన్ నొక్కి, పొయ్యి మీద చాయ్ పెట్టి, అది పొంగేలోపు తెర వచ్చిందంటే ఆ రోజు అదృష్టం. లోపల ఏది ఎంత పనిలో ఉందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ దగ్గర ఎప్పుడు చూసినా 100 శాతం. నిమిషానికి 5400 చుట్లే తిరిగే నెమ్మది హార్డ్‌డిస్క్, 4 జీబీ ర్యామ్ చాలక మాటిమాటికీ ఆ డిస్క్ మీదే పడే విండోస్, వెనకాల అప్‌డేట్లు. నేనేమో వైరస్ అనుకుని యాంటీవైరస్‌కు డబ్బులు కట్టాను. అది ఇంకాస్త నెమ్మది చేసింది.

2023 వేసవి సెలవుల్లో చెల్లెలింటికి సికింద్రాబాద్ పోయినప్పుడు అక్కడి కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్ సీటీసీలో 500 జీబీ ఎస్‌ఎస్‌డీ (చక్రం తిరగని, వేగమైన డిస్క్), ఎన్‌వీఎంఈ రకానిది, తెచ్చుకున్నాను, 2,700. ఆ ఏడాది ధరలు బాగా దిగి ఉన్నాయి. హన్మకొండ చౌరస్తా దగ్గర ల్యాప్‌టాప్ ఎప్పుడూ చూపించే రిపేరు షాపు తమ్ముడు వెనక మూత విప్పితే, లోపల చూయింగ్ గమ్ ముక్కంత ఖాళీ స్లాటు మూడేళ్లుగా నాకోసమే ఎదురుచూస్తున్నట్టు ఉంది. అరగంట పని. విండోస్ కొత్తగా దాని మీదికి ఎక్కించాడు, పాత హార్డ్‌డిస్క్ ఫొటోలకు, ప్రశ్నపత్రాలకు గోదాములా ఉండిపోయింది. ఇంటికొచ్చి బటన్ నొక్కితే చాయ్ గిన్నె చేతిలోకి తీసుకునేలోపే తెర వచ్చింది. నిజంగా నవ్వొచ్చింది.

ర్యామ్ సంగతి ఇంకా తమాషా. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు జీరో టికెట్ వచ్చింది కదా. నేను రోజూ హన్మకొండ నుంచి పరకాల దాటి బడికి పోయేదాన్ని. నెల రోజులు మిగిలిన టికెట్ డబ్బులు పక్కన పెట్టి, సంక్రాంతి సెలవుల్లో 8 జీబీ ర్యామ్ వేయించాను, 1,650. బోర్డుకు అతికి ఉన్న 4తో కలిపి 12. ఇక స్టాఫ్ రూమ్‌లో నేనే ప్రచారకర్తను. "కొత్తది కొనకండి, ఎస్‌ఎస్‌డీ వేయించండి" అని చెప్పిందే చెప్పాను.

ఆ ప్రచారంలో సగం ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి. నా మాట విని ఒక సారు ఎన్‌వీఎంఈ తెచ్చుకుంటే, అతని ల్యాప్‌టాప్‌లో స్లాటు ఉంది గానీ అది సాటా అనే పాత రకానిదే తీసుకుంటుంది. ముక్క లోపల కూర్చుంది, కంప్యూటర్‌కు మాత్రం కనపడలేదు. ఇంకో మేడంది ర్యామ్ మొత్తం బోర్డుకే అతికించినది, అదనపు స్లాటే లేదు. కొనేముందు మోడల్ నంబర్‌తో ఇవి చూసుకోవాలని నేను చెప్పలేదు, ఎందుకంటే నేనూ చూసుకోలేదు. నాకు కలిసొచ్చింది, అంతే. పైగా ఎస్‌ఎస్‌డీ వేసినా లోపలున్నది రెండు కోర్ల ఐ3యే. జూమ్ మీటింగ్ పెట్టి పక్కన ఎక్సెల్ తెరిస్తే ఫ్యాన్ ఇప్పటికీ పిండిగిర్నీ లాగే మోగుతుంది.

సరే, అసలు కథ.

2024 ఫిబ్రవరి, మేడారం జాతరకు వారం ముందు. బస్సులు జాతరకు మళ్లాయి, మిగిలినవాటిలో కాలు పెట్టే సందు లేదు. నేను నిలబడి, బ్యాగును పొట్టకు ఆనించుకుని పరకాల దాకా పోయాను. బడిలో ప్రొజెక్టర్‌కు పెడదామని ల్యాప్‌టాప్ తెరిస్తే 'టక్' మంది. కుడివైపు తెర చుట్టూ ఉండే చట్రం పైకి లేచింది, కింద కీబోర్డు పక్కన ప్లాస్టిక్ పగిలి నోరు తెరిచింది. ఎనిమిదో తరగతి పిల్లలు నలభై మంది "అయ్యో" అన్నారు. నేనూ అన్నాను, లోపల.

తమ్ముడి దగ్గరికి తీసుకుపోతే విప్పి చూపించాడు. తెరను పట్టి ఉంచే బందులు ఇనుపవే, గట్టివే. వాటిని బిగించే మరలు మాత్రం ప్లాస్టిక్‌లో పొదిగిన చిన్న ఇత్తడి నట్లలోకి పోతాయి. వాడేకొద్దీ బందు బిగుసుకుంటుంది. తెర లేపిన ప్రతిసారీ ఆ బలమంతా నట్ల మీద పడి, ఒకరోజు నట్టు ప్లాస్టిక్‌తో సహా ఊడి వస్తుంది. బందు విరగలేదు, బందును పట్టుకున్నది విరిగింది.

"ర్యామ్ ఏసినం, ఎస్‌ఎస్‌డీ ఏసినం. గీ బందులకు ర్యామ్ ఉండదు మేడం," అన్నాడు.

"బస్సులో నలిగినందుకేనా తమ్మీ?"

"బస్సు ఉత్త పేరుకే. మీరు ఒక్క చేత్తోనే, గా మూల పట్టుకొనే తెరుస్తరు కదా?"

నిజమే. ఎడమ చేతిలో చాక్‌పీసో రిజిస్టరో, కుడిచేత్తో కుడి మూల పట్టి లేపడం. మూడున్నరేళ్లు అదే అలవాటు. ఆ ముందు దసరా నుంచే తెరిచినప్పుడల్లా సన్నగా 'కిర్రు' మంటుండేది. పట్టించుకోలేదు. ర్యామ్ వేసేటప్పుడు మరలు సరిగా బిగించాడో లేదో అని అతని మీద కూడా కొంత అనుమానం పెట్టుకున్నాను, పైకి అనలేదు.

సర్వీస్ సెంటర్ వాళ్లు పైభాగం మొత్తం మార్చాలన్నారు, ఏడు వేల పైన. వారంటీ ఎప్పుడో అయిపోయింది. ఉన్నా ఇది "ఫిజికల్ డ్యామేజ్" కిందికి వస్తుందట, వర్తించదట. రోజూ తెరవాల్సిన వస్తువును రోజూ తెరవడం డ్యామేజ్ ఎలా అవుతుందో కౌంటర్ దగ్గరి అమ్మాయిని అడిగాను. పాపం, తను మాత్రం ఏం చెబుతుంది?

మొదట రెండు ట్యూబుల గమ్ కలిపి అతికించాడు, 400. పదిహేను రోజులు పట్టింది, ఊడడానికి. రెండోసారి మొహమాటం మానేసి, కింది నుంచి రంధ్రం పెట్టి, వాషర్లు వేసి నట్టు బోల్టు బిగించాడు, 700. అంతకన్నా ముందు బందులకున్న బిగువును కాస్త వదులు చేశాడు. అసలు మందు అదేనట. ఇప్పుడు అడుగున రెండు బోల్టు తలలు కనిపిస్తాయి. బల్ల మీద గీతలు పడకుండా వాటికి రబ్బరు బిళ్లలు అంటించాను. మా సారు దీన్ని ట్రాక్టర్ అంటాడు.

ఆ ట్రాక్టర్ మొన్న జనవరి జాతరకు కూడా నడుస్తూనే ఉంది, రెండేళ్లు. బ్యాటరీ మధ్యలో ఒకసారి మార్చాను, 2,300. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో అప్‌డేట్లు ఆగిపోతాయన్నప్పుడు స్టాఫ్ రూమ్‌లో విండోస్ 11 ఎక్కని ఏడో తరం ప్రాసెసర్ వాళ్లకు టెన్షన్ పట్టుకుంది. నాది పదో తరం కాబట్టి 11కు ఇబ్బంది లేకుండా ఎక్కింది. అన్నీ కలిపితే 42 వేల పైచిలుకు అయింది. అయిదేళ్లు దాటింది కాబట్టి ఏడుపేమీ లేదు.

మరి ఇలాంటిది కొనమంటానా? ఇంట్లో బల్ల మీదే ఉండేదైతే కొనండి, ఖాళీ స్లాట్లు చూసుకుని. నాలా రోజూ బస్సులో తిప్పేవాళ్లకైతే నోరు రావడం లేదు. ఆఫీసుల నుంచి వచ్చిన పాత థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్ లాంటివి మేలని తమ్ముడంటాడు. వాటి బందులు పట్టుకుని చూశాను, గట్టిగానే ఉన్నాయి. ఎనిమిదో తరం లేదా ఆపైనది, బ్యాటరీ కొత్తది వేసి ఇస్తే ఆలోచించవచ్చు. మా అబ్బాయికి మాత్రం పాతదంటే నామోషీ.

వాడికి వచ్చే ఏడు బీటెక్. జాతర సెలవుల్లో ఊరికే ధరలు కనుక్కుందామని చౌరస్తాకు తీసుకుపోయాను. ర్యామ్ ధరలు ఎక్కడికో పోయాయి. నేను 1,650కి వేయించుకున్న 8 జీబీ ఇప్పుడెంతో విని మాట రాలేదు. అంటే "తక్కువ ర్యామ్‌ది కొని తర్వాత పెంచుకుందాం" అన్న నా పాత లెక్క ఈ ఏడాది పనికిరాదు. షాపు కుర్రాడు ప్రాసెసర్ తరం, కోర్లు, డిస్‌ప్లే గడగడా చెబుతున్నాడు. నేను ల్యాప్‌టాప్‌ను అంచుకు లాక్కుని, రెండు చేతులతో తెరిచి, మూసి, మళ్లీ తెరిచి, చట్రం దగ్గర చెవి పెట్టాను.

"మేడం, ఏం వింటున్నరు?"

"అమ్మా, ప్లీజ్," అన్నాడు మా వాడు. నేను పక్కన ఉన్న రెండోది తెరిచాను.