జెల్ అక్కర్లేని ఈఈజీ హెడ్‌సెట్: రెండు వేసవుల తర్వాత

కంపెనీ పేరు రాయను. రాస్తే చర్చంతా దాని మీదకే పోతుంది. నేను చెప్పదలచుకున్నది ఈఈజీకి, అంటే తల మీంచి మెదడు విద్యుత్ తరంగాల్ని రికార్డు చేయడానికి, జెల్ లేకుండా నేరుగా తలకి ఆనించే పొడి ఎలక్ట్రోడ్ల గురించి.

చెన్నైలో మా ల్యాబ్‌కి ఈ హెడ్‌సెట్ వచ్చి రెండేళ్ళు దాటింది. అంతకుముందు జెల్ క్యాప్ వాడేవాళ్ళం. ఒక్కో ఎలక్ట్రోడ్ కింద వెంట్రుకలు పక్కకి తప్పించి, సిరంజితో జెల్ వేసి, ఇంపిడెన్స్ (చర్మానికీ ఎలక్ట్రోడ్‌కీ మధ్య కరెంటుకి ఉండే అడ్డు) 5 కిలోఓమ్‌ల లోపుకి దిగేదాకా రుద్దుతూ కూర్చోవాలి. అంతా అయ్యాక వచ్చినవాళ్ళకి తలస్నానం. షాంపూ ప్యాకెట్లు, తువ్వాళ్ళు నేనే కొని పెట్టేదాన్ని. సాయంత్రం పెళ్ళికి వెళ్ళాల్సిన ఒకమ్మాయి తలనిండా జెల్‌తో నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

దీనికి ఆ బాధ లేదు. దువ్వెన పళ్ళలాంటి పిన్నులు. తలకి పెట్టి కాస్త అటూ ఇటూ కదిపితే చాలు. మొదటిరోజు నేనే పెట్టుకుని ఒక నిమిషం కళ్ళు మూసుకున్నాను. తర్వాత రికార్డింగ్ చూస్తే తల వెనక, ఓ1, ఓ2 అనే ఎలక్ట్రోడ్ల దగ్గర, సెకనుకి పది చొప్పున, కళ్ళు మూసుకుంటే పెరిగే ఆల్ఫా తరంగాలు ముచ్చటగా లేచి ఉన్నాయి. 1929లో జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ లోకానికి చెప్పిన తరంగాలే, నా తలలోంచి, చుక్క జెల్ లేకుండా! ఆ రోజు అందరికీ ఫిల్టర్ కాఫీ ఇప్పించాను.

నేను తిరుపతిలో మొక్కు తీర్చుకుని వచ్చి అప్పటికి నెలే అయిందన్న సంగతి మాత్రం తర్వాత గానీ తట్టలేదు. కొబ్బరినూనె పట్టించిన ఒత్తయిన జడలున్న తలలకి పెట్టాక తెలిసింది. ఆల్ఫా బాగా కనిపించేది తల వెనక. జుట్టు ఒత్తుగా ఉండేదీ అక్కడే.

ఇక అసలు కథ పోయిన వేసవిది. రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతాయంటారు. చెన్నైలో రోళ్ళు పగలవు, మనిషి నానిపోతాడు. వచ్చినవాళ్ళు లెక్కలు చేస్తుంటే రికార్డు చేయడం నా ప్రయోగం. దానికి నిదానమైన తరంగాలు కావాలి కాబట్టి, మరీ నిదానమైనవాటిని కోసేసే హైపాస్ ఫిల్టర్‌ని బాగా కిందికి, 0.1 హెర్ట్జ్ దగ్గర పెట్టుకున్నాను. వరసగా మూడు మధ్యాహ్నాలు కరెంటు పోయింది, జనరేటర్ మొండికేసింది. హెడ్‌సెట్, లాప్‌టాప్ బ్యాటరీ మీదే నడుస్తాయి కదా అని ఏసీ లేకపోయినా ఆపకుండా కానిచ్చాను.

డేటా తీసి చూస్తే కొందరికి నుదుటి ఛానళ్ళలో పెద్ద పెద్ద అలలు. లెక్కలు కష్టమయ్యే కొద్దీ అలలూ పెరుగుతున్నాయి. ఆ రాత్రి నిద్రపట్టలేదు, పేపర్‌కి శీర్షిక కూడా ఆలోచించుకున్నాను.

మా గైడ్‌ది గుంటూరు. స్పెక్ట్రమ్ (ఏ వేగపు తరంగం ఎంత ఉందో చూపే గ్రాఫ్) చూసి, "ఏమ్మా, 50 దగ్గర ముల్లు ఏదీ?" అన్నారు. గోడల్లోని కరెంటు ప్రతి రికార్డింగ్‌లోనూ 50 హెర్ట్జ్ దగ్గర నిటారుగా ఒక గీత వదులుతుంది. దాన్ని తీసేసే నాచ్ ఫిల్టర్ వేయకముందు చూస్తే అలలున్న ఫైళ్ళలో ఒక్కదాంట్లోనూ ఆ గీత లేదు. అంటే అవన్నీ కరెంటు పోయినప్పటివే. ఎంత శుభ్రంగా వచ్చిందో అని నేను మురిసిన డేటా అది. ఆ అలలు మెదడువి కావు, చెమటవి. కష్టమైన లెక్కలు చివర్లో పెట్టాను, గది ఉడికిందీ చివర్లోనే.

"వాళ్ళకి ముందు విసనకర్ర ఇవ్వాల్సిందమ్మా" అన్నారు.

తప్పు హెడ్‌సెట్‌ది మాత్రమే అనను. చెమట జెల్ క్యాప్‌నీ వదలదు. పైగా కాస్త చెమ్మ తగిలితే పొడి పిన్నుల పట్టు బాగుపడుతుంది కూడా. చిక్కేమిటంటే, మొదటి నిమిషంలో ఉన్న పట్టు నలభయ్యో నిమిషంలో ఉండదు. నిదానమైన తరంగాలు చూసేవాళ్ళకి అది చాలా పెద్ద తేడా. అప్పటికి పిన్నులు గుచ్చుకుని వచ్చినవాళ్ళు తల తడుముకోవడం కూడా మొదలవుతుంది.

బెంగళూరులో ఉన్న నా స్నేహితురాలు ఇలాంటిదే వాడుతూ ఏ గొడవా లేదంటుంది. ఆమెది ఆల్ఫా పని, పది నిమిషాల సెషన్లు, అక్కడ గాలి కూడా చల్లన. నేనూ ఆల్ఫాకీ, విద్యార్థులకి చూపించడానికీ దీన్నే తీస్తాను. థీసిస్ డేటాకి మాత్రం మళ్ళీ జెల్ క్యాప్‌కే వెళ్ళాను, షాంపూ ప్యాకెట్లతో సహా. రికార్డింగ్ కాగితంలో ఇప్పుడు ఒక గడి ఎక్కువైంది: కరెంటు ఉందా, లేదా.