150 కేజీల మ్యాగ్నెట్ అన్నారు, మా రొయ్యల గుంటలో ఎంత లాగిందో చూడండి

మాది అల్లూరు పక్కన ఊరు, రొయ్యల గుంటల మీద ఏరేటర్లు, అంటే నీళ్లలో గాలి కలిపే మిషన్లు, రిపేరు చేస్తుంటా. సంక్రాంతి ముందు ఒక గుంటలో గేర్‌బాక్స్ విప్పుతుంటే పెద్ద పైపు రెంచి చెయ్యి జారి ఐదడుగుల నీళ్లలో పడిపోయింది. దిగి కాళ్లతో తడుముదామంటే గుంట ఆయన ఒప్పుకోలా. ఆయన మాట కరెక్టే, కల్చర్, అంటే రొయ్యల పెంపకం, నడిచేటప్పుడు అడుగు బురద కెలికితే ఆ నల్లమట్టిలో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్ నీళ్లలో కలిసి రొయ్య దెబ్బతింటది. అందుకే ఆన్‌లైన్లో ఈ మ్యాగ్నెట్ తెప్పించా. 75 మి.మీ. గుండ్రటి ఇనప గిన్నె, దాంట్లో నియోడిమియం అనే గట్టి అయస్కాంతం బిళ్ళ, పైన కొక్కెం, పది మీటర్ల నైలాన్ తాడు. 2600 పడింది. డబ్బా మీద 150 కేజీలు లాగుద్దని రాసుంది.

ముందు రెంచి కత చెప్తా. మొదటి రోజు పైపైన తాడు ఆడించుకుంటా గంటసేపు తిరిగినా ఏమీ తగల్లా. ఇదేంది 150 కేజీలు, రెండు వేళ్ల దూరంలో ఉన్న రెంచిని పట్టలేదా అని చానా కోపమొచ్చింది. తర్వాత అర్థమైంది, ఈ గిన్నె రకం మ్యాగ్నెట్లో రెండు ధ్రువాలూ కింద ముఖం మీదే ఉంటయ్, నడిమి బిళ్ళ ఒకటి, చుట్టూ గిన్నె అంచు ఇంకోటి. ఆ బలమంతా అంచుకీ బిళ్ళకీ మధ్యనే తిరుగుతుంటది, దూరం పోదు. ఇనుము అంటుకుందంటే మాత్రం ఇక వదలదు. గిన్నె లేని ఒట్టి బిళ్ళ అయితే ఇంకాస్త దూరం నించి లాగుద్ది గానీ అంటుకున్నాక ఇంత గట్టిగా పట్టదు. రెంచి మీద అంగుళం బురద ఉంటే మన మ్యాగ్నెట్‌కి అది గోడ కిందే లెక్క. మర్నాడు తాడు వదులు చేసి, అడుగున మెల్లగా ఈడ్చుకుంటా పోతే మూడో ఈడ్పుకే టక్కున తగిలింది, తాడులో ఆ దెబ్బ చేతికి తెలిసింది. పైకి తీస్తే రెంచితో పాటు రెండు పాత బోల్టులు, ఒక జీఐ తీగ ముక్క కూడా వచ్చినయ్. ఒకటే చోట ఈడ్చా కాబట్టి బురద పెద్దగా లేవలా, ఆయన కూడా ఏమీ అనలేదు.

ఇంక ఆ 150 నిజమా కాదా తేల్చుకోవాలని పాత ఇనప సామాన్ల కొట్లో వేలాడే డిజిటల్ కాటా అడిగి తెచ్చా, షెడ్డులో చైన్ పుల్లీకి కట్టి లాగి చూశా. 10 మి.మీ. ఎమ్మెస్ (మామూలు ఇనుము, మైల్డ్ స్టీల్) ప్లేటు, గ్రైండింగ్ కొట్టి శుభ్రంగా తుడిచింది, నిలువుగా లాగితే 138 దగ్గర ఊడింది. అంటే డబ్బా మీద రాసింది మరీ అబద్ధం కాదు. అదే 3 మి.మీ. ప్లేటుకి అంటిస్తే 50 లోపే ఊడిపోయింది, పాత బీరువా తలుపు రేకు, 1 మి.మీ. ఉంటదేమో, దానికైతే ఆరేడు కేజీలు. మ్యాగ్నెట్ అదే, ముఖం అదే. ఇనుములో అయస్కాంత బలం పోవడానికి చోటు కావాల, సుమారు 2 టెస్లా (అయస్కాంత బలాన్ని కొలిచే లెక్క) దాకా నిండితే ఇనుము ఇంక తీసుకోదు, పల్చటి రేకు తొందరగా నిండిపోద్ది, మిగతా బలం రేకు దాటి అవతలికి కారిపోద్ది. పైగా లాగుడు ఆ అయస్కాంత బలానికి వర్గంలో మారుద్ది: 1 టెస్లా ఉన్నచోట చదరపు సెంటీమీటరుకి 4 కేజీల దాకా లాగుద్ది, అర టెస్లా అయితే రెండు కాదు, ఒక్క కేజీనే. అందుకే రేకు పల్చనయ్యేకొద్దీ లెక్క అంత ఘోరంగా పడిపోద్ది. పెయింటు, తుప్పు, బురద పొర, ఇవన్నీ కూడా మధ్యలో సందు పెట్టినట్టే. నీళ్లతో మాత్రం ఇబ్బంది లేదు, నీళ్లలో ఉన్నా గాల్లో ఉన్నా ఒకటే.

ఇంకోటి, పక్కకి లాగితే. అదే 10 మి.మీ. ప్లేటు మీద అడ్డంగా లాగితే 27కే జారింది. పక్కకి జారకుండా ఆపేది రాపిడి ఒక్కటే, తడిగా బురదగా ఉంటే అది కూడా ఉండదు. కాబట్టి బావి గోడకి ఆనుకున్న పైపుని పక్క నించి పట్టి లాగుదాం అనుకునేవాళ్లు 150ని నమ్ముకోవద్దండి. ప్లేటు మీద నించి ఊడదీయాలంటే కూడా ఇదే దారి, నిలువుగా పీకకుండా అంచు దాకా జరపండి. మొదటి రోజు నాకు తెలియక పీకబోతే మళ్లీ చప్పున అతుక్కుని బొటనవేలు మధ్యలో పడింది, గోరు నల్లబడి నెల పట్టింది. పిల్లల చేతికి మాత్రం ఇయ్యొద్దు, గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ల దగ్గరికి అసలు తీసుకెళ్లొద్దు.

మావాడు ఇంకో మ్యాగ్నెట్ కొని రెండూ ఎదురెదురు పెడితే డబుల్ పట్టుద్దా అని అడిగాడు. పట్టదు. మందమైన ఇనప ప్లేటు అద్దం లాంటిది, మ్యాగ్నెట్ పెడితే అందులో దాని నీడలాగా ఇంకో మ్యాగ్నెట్ ఉన్నట్టే, అందుకని ఒకే రకం బిళ్ళలు రెండు అతికించినా, ఒక బిళ్ళని మందం ప్లేటుకి అతికించినా పట్టు దాదాపు ఒకటే. దూరంలో ఉన్నప్పుడు మాత్రం రెండు మ్యాగ్నెట్లే ఎక్కువ లాక్కుంటయ్.

గుంటల వాళ్లకి ముఖ్యంగా చెప్పాల్సింది, ఏరేటర్ షాఫ్టులు, బోల్టులు ఎక్కువ స్టెయిన్‌లెస్. అందులో 304 అనే రకానికి ఇది అంటదు. ఒక రైతు స్టెయిన్‌లెస్ షాఫ్టు పడిపోయిందని పిలిచాడు, నేనే వద్దని చెప్పి పంపించా, డబ్బులు తీసుకుని ఏం చెయ్యను.

మూడు నెలలకి అంచు దగ్గర నికెల్ పూత చిట్లి గోధుమరంగు తుప్పు కనపడింది. మన ఉప్పునీళ్లకి పూత పోతే లోపలి నియోడిమియం పొడిపొడి అయిపోద్ది, అందుకే వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి తుడిచి గ్రీజు రాస్తున్నా. వెల్డింగ్ దగ్గర కూడా పెట్టొద్దు, మామూలు గ్రేడు 80 డిగ్రీలు దాటితే బలం పోగొట్టుకుంటది, చల్లారినా తిరిగి రాదు. కొక్కెం మర తాడు మెలికలకి వదులవుతుంది, థ్రెడ్ లాకర్ (మర ఊడకుండా పట్టే జిగురు) వేసి బిగించండి.

ఐదుకి నాలుగు ఇస్తా. ఆ ఒకటి ఎందుకు తీశానంటే 150 ఎంత మందం ప్లేటు మీద, ఏ వైపు లాగితే అని డబ్బా మీద ఒక్క ముక్క రాయలా, రాస్తే ఇంకో కొనేవాడు మోసపోయామని తిట్టుకోడు. రెంచీలు, పానాలు, ఎమ్మెస్ సామాను తీయడానికైతే 75 మి.మీ. సైజే తీసుకోండి, తాడు మాత్రం వాళ్లిచ్చింది పక్కన పడేసి ఇంకొంచెం లావుది కట్టుకోండి, తడి చేతికి సన్న తాడు కోసుకుపోద్ది.