వొస్తోకా, మెర్క్యురీయా: 1961లో ఎక్కమంటే ఏది ఎక్కాలి?

ముందు ఎవరు వెళ్ళారన్న దాంట్లో గొడవేమీ లేదు. 1961 ఏప్రిల్ 12న యూరి గగారిన్ సోవియట్ నౌక వొస్తోక్‌లో భూమిని ఒక చుట్టు చుట్టి 108 నిమిషాల్లో వచ్చేశాడు. మూడు వారాలు దాటాక మే 5న అలన్ షెపర్డ్ అమెరికా నౌక మెర్క్యురీలో పైకెళ్ళి పావుగంటలో సముద్రంలో దిగాడు, అదీ కక్ష్య దాకా వెళ్ళకుండానే. సరే, మరి రెండిట్లో ఏ నౌక మేలు? ముందు వెళ్ళారు కాబట్టి సోవియట్‌దే గొప్ప అనేవాళ్ళూ, చివరికి చంద్రుడి మీద దిగింది అమెరికా కదా అనేవాళ్ళూ ఇద్దరూ పందెం ఫలితం చెబుతున్నారే తప్ప లోపల కూర్చున్న మనిషి సంగతి చూడటం లేదు.

అసలు తేడా రాకెట్‌తోనే మొదలైంది. సోవియట్ రాకెట్ల రూపకర్త కొరొల్యోవ్ తయారుచేసిన ఆర్-7 బరువైన అణుబాంబును ఖండాలు దాటించడానికి పుట్టిన రాకెట్, కాబట్టి దాని మోతబలం ఎక్కువ. అమెరికా బాంబులు తేలిక, అందుకే వాళ్ళ అట్లాస్ రాకెట్‌కు అంత బలం అక్కర్లేకపోయింది. ఫలితం ఏంటంటే వొస్తోక్ బరువు దాదాపు 4.7 టన్నులు, కక్ష్యలో మెర్క్యురీ బరువు 1.4 టన్నులు కూడా లేదు. ఇల్లు పెద్దదైతే సామాను ఎక్కడ పెట్టినా చెల్లుతుంది, ఒంటి గదిలో కాపురమంటే ప్రతి గిన్నెకూ చోటు వెతుక్కోవాలి. ఈ రెండు నౌకల డిజైన్ మొత్తం ఇంతే.

వొస్తోక్‌లో మనిషి కూర్చునేది 2.3 మీటర్ల గుండ్రటి బంతిలో. చుట్టూతా వేడిని తట్టుకునే పూత, బరువు అంతా ఒక పక్కకు. తంజావూరు బొమ్మను ఎటు తోసినా లేచి కూర్చున్నట్టు, ఈ బంతి వాతావరణంలోకి ఎలా దొర్లుకుంటూ వచ్చినా దానంతటదే సర్దుకుంటుంది. గగారిన్ విషయంలో ఇది నిజంగానే అక్కరకొచ్చింది. వేగం తగ్గించే ఇంజిన్ మండాక వెనకున్న పరికరాల భాగం విడిపోవాలి, అది విడిపోలేదు, వైర్ల కట్టతో వేలాడుతూ ఉండిపోయింది, పది నిమిషాల పాటు నౌక గిరగిరా తిరుగుతూనే ఉంది. చివరికి ఆ వేడికి వైర్లు కాలి తెగిపోయాక బంతి సర్దుకుంది. మెర్క్యురీలో హీట్ షీల్డ్, అంటే వేడిని అడ్డుకునే కవచం, కింది వైపు మాత్రమే. 1962 ఫిబ్రవరిలో జాన్ గ్లెన్ మూడు చుట్లు తిరుగుతుండగా ఆ షీల్డ్ వదులైందేమోనని కింద ఒక సిగ్నల్ కనిపించింది. షీల్డ్ కదలకుండా ఉంటుందని, దాని మీదున్న రెట్రో రాకెట్ల (వేగం తగ్గించే రాకెట్ల) ప్యాక్‌ను తీసెయ్యకుండా అలాగే దిగమన్నారు. అది ముక్కలు ముక్కలుగా మండుతూ కిటికీ పక్కనుంచి ఎగిరిపోతుంటే గ్లెన్ లోపల కూర్చుని చూశాడు. తీరా చూస్తే తప్పంతా ఒక స్విచ్‌ది. ఆ టెన్షన్ వొస్తోక్‌లో ఉండేది కాదు.

కానీ ఆ బంతి నేలను తాకే దెబ్బకు లోపలి మనిషి తట్టుకోలేడు. అందుకే 7 కిలోమీటర్ల ఎత్తులో సీటుతో సహా బయటికి ఎగిరి, సొంత పారాచ్యూట్‌తో దిగాలి. గగారిన్ అలాగే సరతోవ్ ప్రాంతంలో పొలాల్లో దిగాడు. నౌకతోపాటే దిగితేనే రికార్డు చెల్లుతుందన్న నిబంధన ఉండటంతో సోవియట్ వాళ్ళు ఈ ముచ్చట చాలాకాలం బయటపెట్టలేదు. షెపర్డ్ మాత్రం క్యాప్సూల్‌లోనే నీళ్ళలో దిగాడు. నీళ్ళ ప్రమాదం నీళ్ళదే లెండి, ఆ జులైలో గ్రిసమ్ అనే మరో అమెరికన్ దిగాక తలుపు పేలి తెరుచుకుని క్యాప్సూల్ మునిగిపోయింది, అతను ఈదుకుంటూ బయటపడ్డాడు.

ఇక పైకి వెళ్ళేటప్పుడు సంగతి. నన్నడిగితే మెర్క్యురీ గెలిచింది ఇక్కడే. దాని నెత్తిన ఒక టవర్, అందులో చిన్న రాకెట్. కింద పెద్ద రాకెట్ పేలితే క్యాప్సూల్‌ను లాక్కుని పారిపోతుంది. దీని మొదటి కథ నవ్వు తెప్పిస్తుంది: 1960 నవంబర్‌లో మనిషి లేకుండా చేసిన పరీక్షలో రెడ్‌స్టోన్ అనే రాకెట్ నాలుగు అంగుళాలు లేచి మళ్ళీ ప్యాడ్ మీద కూలబడింది, టవర్ ఒక్కటే క్యాప్సూల్‌ను వదిలేసి ఎగిరిపోయింది, ఆ తర్వాత పారాచ్యూట్లు పూలదండల్లా కిందికి జారాయి. అలాంటి టవరే 1961 ఏప్రిల్ 25న, అంటే గగారిన్ తిరిగొచ్చిన రెండు వారాలకు, దారి తప్పిన అట్లాస్‌ను గాల్లోనే పేల్చేయాల్సి వచ్చినప్పుడు ఖాళీ క్యాప్సూల్‌ను చెక్కుచెదరకుండా కాపాడింది. వొస్తోక్‌లో ఎజెక్షన్ సీటే దిక్కు, ప్యాడ్ మీదే ప్రమాదం జరిగితే అది మనిషిని సరిపడా ఎత్తుకు విసరగలదన్న భరోసా లేదు. 1960 జులైలో ఆర్-7 పేలినప్పుడు లోపలున్న లిసిచ్కా, చైకా అనే రెండు కుక్కలు చనిపోయాయి. కొరొల్యోవ్‌కు లిసిచ్కా అంటే ఇష్టం అంటారు.

స్టీరింగ్ ఎవరి చేతిలో? బరువు లేని చోట మనిషికి మతి పోతుందేమోనన్న భయంతో వొస్తోక్ కంట్రోళ్ళకు తాళం వేశారు. దాన్ని తెరిచే కోడ్ 125 కవర్లో పెట్టి లోపల ఉంచారు. కవర్ చించి నంబర్ నొక్కగలిగితే మతి ఉన్నట్టే అని లెక్క. బయల్దేరే ముందే ఒకరికి తెలియకుండా ఒకరు గగారిన్ చెవిలో ఆ కోడ్ ఊదారట, అదీ సంగతి. అమెరికాలో పైలట్లు గొడవపడి మరీ కిటికీ, చేతి కంట్రోళ్ళు పెట్టించుకున్నారు. 1963 మేలో గోర్డన్ కూపర్ 22 చుట్ల ప్రయాణం చివర్లో ఆటోమేటిక్ సిస్టమ్ పాడైపోతే, కిటికీ గీతలకు దిక్కు సరిచూసుకుని చేతి గడియారంతో సమయం లెక్కపెట్టుకుని దిగాడు, ఎదురుచూస్తున్న ఓడకు అతి దగ్గరలో.

గాలి విషయంలో వొస్తోక్‌దే పైచేయి. బరువుకు వెరవకుండా మామూలు గాలినే నింపారు. మెర్క్యురీలో తక్కువ పీడనంలో స్వచ్ఛమైన ఆక్సిజన్. ఆ అలవాటే అపోలో దాకా వచ్చి 1967 జనవరిలో నేల మీద జరిగిన మంటల్లో ముగ్గురిని బలిగొంది. సోవియట్‌లోనూ గగారిన్ వెళ్ళడానికి మూడు వారాల ముందు ఆక్సిజన్ నిండిన శిక్షణ గదిలో బొందరెంకో అనే కాబోయే వ్యోమగామి కాలిపోయి చనిపోయాడు, ఆ మాట లోకానికి తెలియడానికి పాతికేళ్ళు పట్టింది.

అందుకే నా లెక్క ఇది: ఎక్కేటప్పుడు మెర్క్యురీ కావాలి, దిగేటప్పుడు వొస్తోక్ కావాలి. ఒక్కటే ఎంచుకోమంటే వొస్తోకే ఎక్కుతాను, ఎందుకంటే నేను పైలట్‌ను కాను, కూపర్‌లా గడియారం చూసి దిగే ధైర్యం నాకు లేదు, ఏమీ చేయకుండా కూర్చున్నా ఇంటికి తెచ్చే బంతి నాకు చాలు. పైలట్ అయితే మాత్రం మెర్క్యురీ తప్ప వేరే మాటే వద్దు.

రెండిటి సంతానమూ ఇంకా ఉంది. ఆ బంతి కెమెరాలు మోసే నిఘా ఉపగ్రహంగా, ఆ పైన జీవుల మీద ప్రయోగాలు చేసే నౌకగా దశాబ్దాలు బతికింది. మన గగన్‌యాన్ మాత్రం మెర్క్యురీ వైపు: శంకువు లాంటి క్యాప్సూల్, నెత్తిన టవర్, సముద్రంలో దిగడం. 2023 అక్టోబర్ 21న శ్రీహరికోటలో ఆ టవర్‌నే పరీక్షించారు. మన నలుగురు పైలట్లు మొదట శిక్షణకు వెళ్ళింది మాత్రం రష్యాలో, గగారిన్ పేరు పెట్టిన కేంద్రానికి.