లిపోఫెక్టమిన్ 2000: నాలుగేళ్లు వాడాక

లిపోఫెక్టమిన్ 2000 అంటే డీఎన్‌ఏను కణాల్లోకి చేరవేసే లిపిడ్ (కొవ్వు) మందు. హెచ్‌ఈకే 293 (ల్యాబ్‌లో పెంచే మానవ మూత్రపిండ) కణాల్లోకి ప్లాస్మిడ్ (గుండ్రటి డీఎన్‌ఏ ముక్క) ఎక్కించడానికైతే దీన్ని కళ్లు మూసుకుని కొనొచ్చు. మర్నాడు మైక్రోస్కోపు కింద జీఎఫ్‌పీ (పచ్చగా మెరిసే ప్రొటీన్) ఉన్న కణాలు పచ్చగా, నిండుగా వెలుగుతాయి. ప్రైమరీ కణాల (జీవి నుంచి నేరుగా తీసిన వాటి) దగ్గర మాత్రం ఆ పంట పండదు.

24 వెల్స్ (గుంటలు) ఉన్న ప్లేటులో వెల్‌కు 0.8 మైక్రోగ్రాముల డీఎన్‌ఏ, 50 మైక్రోలీటర్ల ఆప్టి-మెమ్ అనే మీడియం (కణాల పోషక ద్రవం)లో. ఇంకో ట్యూబులో 2 మైక్రోలీటర్ల లిపిడ్, అంతే ఆప్టి-మెమ్‌లో. 5 నిమిషాలాగి రెండూ కలిపి, 20 నిమిషాలు ఉంచాలి. వోర్టెక్స్ (జోరుగా కుదిపే యంత్రం) వద్దు, ట్యూబును వేలితో మెల్లగా తడితే చాలు. కలిపేటప్పుడు సీరం పడిందా, ధనావేశమున్న లిపిడ్ డీఎన్‌ఏను వదిలేసి సీరం ప్రొటీన్లకు అంటుకుంటుంది. కణాలు వెల్ అడుగును 90 శాతం నింపి ఉండాలి. పల్చగా ఉంటే లిపిడ్ విషానికి గుండ్రంగా ముడుచుకుని, అడుగు వదిలి తేలిపోతాయి. ఆరోజు మీడియంలో యాంటీబయాటిక్స్ వేయకండి, లిపిడ్‌తో పాటు అవీ లోపలికి దూరి కణాలను చంపుతాయి. 4 నుంచి 6 గంటలకు మీడియం మార్చేయవచ్చు.

ఈ లిపిడ్ కణం బయటి పొరలో కలిసిపోయి డీఎన్‌ఏను నేరుగా లోపల పోస్తుందని చాలామంది అనుకుంటారు. ఎక్కువ భాగం అలా జరగదు. కణం దాన్ని మింగి ఎండోసోమ్ సంచిలో వేసుకుంటుంది. అసలు కలయిక అక్కడే. సంచి పొరలోని రుణావేశ లిపిడ్లు లోపలి వైపుకు పల్టీకొట్టి మన ధనావేశ లిపిడ్లతో జతకడతాయి, డీఎన్‌ఏ మీద పట్టు సడలుతుంది. ఇలాంటి మిశ్రమాల్లో కలిపే డోప్ (డీఓపీఈ) వంటి సహాయక లిపిడ్‌కు తల చిన్నది, తోకలు వెడల్పు. చదునైన పొరగా నిలవలేక అది గొట్టాలుగా చుట్టుకుపోతుంది, ఆ ఒత్తిడికి సంచి చీలుతుంది. ఆలస్యమైతే లైసోసోమ్ (కణం జీర్ణసంచి)లో డీఎన్‌ఏ అరిగిపోతుంది. బయటపడ్డా కేంద్రకం చేరాలి. విభజన చెందే కణాల్లోనే అది సులువు.

నిల్వ 4 డిగ్రీల్లో, గడ్డకట్టకూడదు. నెల్లూరుకు పార్సిల్ డ్రై ఐస్‌లో వస్తే తీసుకోవద్దు, జెల్ ప్యాక్‌లోనే తెప్పించండి. ఫ్రిజ్ వెనక గోడకు ఆనించినా మంచుపట్టి పాడవుతుంది, మధ్య అరలో పెట్టండి. కరపత్రంలోని ‘గది ఉష్ణోగ్రత’ అంటే 25 డిగ్రీల దరిదాపు, మన రోహిణీ కార్తె వేడి కాదు.

రొయ్య కణాలకు వాడదామనుకునేవారు ఒకటి గమనించాలి. వాటికి వాడే రెండింతల గాఢత ఉన్న ఎల్-15 మీడియంలో ఉప్పు ఎక్కువ, ఆ అయాన్లు ఆవేశాలను కప్పేస్తాయి. కాబట్టి మిశ్రమాన్ని ఆప్టి-మెమ్‌లోనే కట్టి తర్వాత పోయాలి. అయినా డిష్‌లో ఆ కణాలు సరిగా విభజన చెందవు. వాటి కోసమే అయితే దీని మీద డబ్బు పెట్టొద్దు.