గ్రీన్ లేన్స్‌లో బొగ్గుల పొయ్యి పక్కన భోజనం (శాకాహారులు రొట్టె సంగతి ముందే చెప్పండి)

తూర్పు లండన్‌లోని ఈస్ట్ హామ్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లలో చాలామందికి టర్కిష్ తిండి అంటే రాత్రి పదింటికి సందు చివర కాల్చిన మాంసం చెక్కి రొట్టెలో చుట్టి ఇచ్చే డోనర్ రోలే. నేనూ మూడేళ్లు అంతే అనుకున్నాను. మొన్న శనివారం తెనాలి నుంచి వచ్చిన అమ్మను, అక్కాబావలను వెంటబెట్టుకుని ఉత్తర లండన్‌లోని గ్రీన్ లేన్స్‌కి వెళ్లాం. బార్కింగ్‌లో సఫ్రజెట్ లైన్ రైలెక్కితే ఎక్కడా మారకుండా హారింగే గ్రీన్ లేన్స్‌లో దిగొచ్చు, బయటికి రాగానే బొగ్గుల వాసన, రోడ్డు పొడవునా టర్కీ వాళ్లవి, కుర్దులవి, సైప్రస్ నుంచి వచ్చిన టర్కులవి హోటళ్లు, బేకరీలు, కూరగాయల కొట్లు.

మేం కూర్చున్నది ఒక చిన్న ఒజాక్‌బాషిలో. ఒజాక్ అంటే పొయ్యి. హాల్లోనే రాగి పొగగూడు, దాని కింద పొడవాటి బొగ్గుల పొయ్యి, ముందు వంటాయన. ఆయన్ని అందరూ ఉస్తా అని పిలుస్తారు, మన ఉస్తాద్ లాంటి మాటే. బుక్ చేసేటప్పుడే పొయ్యి పక్క టేబుల్ అడగండి. వేడి తగులుతుంది, బట్టలకు పొగ పడుతుంది, అయినా అక్కడే కూర్చోవాలి.

మాంసం తినేవాళ్లు అదానా కబాబ్ చెప్పండి. గొర్రె ఖీమాలో తోక కొవ్వు, ఎర్ర మిరప కలిపి వెడల్పాటి ఇనుప చువ్వకు చేత్తో ఒత్తి కాలుస్తారు, కొవ్వు బొట్టు నిప్పుల మీద పడి చిటపటమన్నప్పుడల్లా ఆ పొగ మళ్లీ మాంసానికే పడుతుంది, రుచంతా అందులోనే ఉంది. గుంటూరు కారం కాదు, కానీ చప్పగా లేదు. పిల్లలకైతే ఉర్ఫా, అదే కబాబ్ కారం తక్కువగా. వీటితో పాటు డబ్బులు అడక్కుండానే కాల్చిన ఉల్లిపాయల గిన్నె ఒకటి పెట్టారు, దానిమ్మ రసం చిక్కగా మరగబెట్టి చేసిన పులుపు పోసి. బావ కబాబ్ పక్కనపెట్టి ముందు ఆ ఉల్లిపాయలే ఖాళీ చేశాడు. ఐరాన్ మాత్రం మన ఉప్పు మజ్జిగే, అల్లం, కరివేపాకు లేవంతే.

ఇప్పుడు అసలు విషయం. అమ్మ శాకాహారి. ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాం, సరేనన్నారు. కానీ ఆ వెంటనే వచ్చిన వేడి రొట్టె మీద ఎర్రటి నూనె మరకలు కనిపించి అక్కకు అనుమానం వచ్చింది. ఇలాంటి చోట్ల రొట్టెను కాలుతున్న కబాబ్‌ల మీద అద్ది, ఆ కొవ్వు పీల్చుకున్నాక తెస్తారు. తినేవాళ్లకు అది మహా రుచి, అమ్మ అప్పటికే ముక్క తుంచి చేతిలో పట్టుకుంది. నాకు గుండె ఆగినంత పనైంది. చెప్పగానే ఉస్తా తనే వచ్చి క్షమించమన్నాడు, వేరే రొట్టె కాల్చి తెప్పించాడు, అది మంచి విషయమే. కానీ అమ్మ మాంసం తినదని చెప్పాక ఆ రొట్టె టేబుల్ మీదికి రాకూడదు, ఈ ఒక్కదానికే నేను ఒక స్టార్ తగ్గిస్తున్నాను. మీరు వెళ్తే రొట్టె, కూరగాయలు కాల్చే చువ్వ, సూప్‌లో వాడే నీళ్లు, ఈ మూడింటి గురించీ విడివిడిగా అడగండి. పప్పు సూప్ కొన్నిచోట్ల మాంసం ఉడికించిన నీళ్లతో చేస్తారు, ఇక్కడ మామూలు నీళ్లతోనే చేశామన్నారు. మైసూర్ పప్పు మెత్తగా ఉడికించి, పైన మిరప వేయించిన వెన్న, పక్కన నిమ్మచెక్క. అమ్మ రెండోసారి అడిగి తాగింది.

ఇమామ్ బాయిల్డీ కూడా ఆమె కోసమే చెప్పాం. వంకాయ కడుపులో ఉల్లి, టమాటా, వెల్లుల్లి కూరి ఆలివ్ నూనెలో మగ్గించిన వంటకం. చల్లగా తెచ్చారేంటే అంది అమ్మ. అది అలాగే చల్లారాక తినేది, కానీ గుత్తివంకాయ వేడివేడిగా తిన్న నోటికి ఒప్పదు, నిజమే.

చువ్వకు గుచ్చి కాల్చే చికెన్ షిష్ ఎండిపోయింది, వద్దు. 12.5 శాతం సర్వీస్ చార్జీ బిల్లు వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు, అదీ నచ్చలేదు.

కునెఫె మాత్రం వదలకండి. సన్నని సేమ్యా లాంటి పిండి పోగుల మధ్య ఉప్పులేని చీజ్ పెట్టి ఎర్రగా కాల్చి, పాకం పోసి, పైన పిస్తా. అప్పటికప్పుడు చేస్తారు కాబట్టి కబాబ్‌లు సగం తినేటప్పుడే చెప్పేయండి. మేం ఆఖర్న చెప్పి ఇరవై నిమిషాలు కూర్చున్నాం, ఆ లోపు నడుము సన్నని గాజు గ్లాసుల్లో డికాక్షన్ టీ రెండుసార్లు ఇచ్చారు, దానికి డబ్బులు తీసుకోలేదు.