సీడీ రైటర్ కొనేవారికి హెచ్చరిక: లోపం మీ కెర్నెల్ మాడ్యూళ్లదే అంటే వెంటనే నమ్మకండి

యూఎస్‌బీకి తగిలించే సీడీ రైటర్ ఒకటి ఆన్‌లైన్‌లో కొని నష్టపోయాను కాబట్టి, లైనక్స్ వాడే మిగతావారికి ఆ గతి పట్టకూడదని ఇది రాస్తున్నాను. డబ్బాపై ‘సీడీ రైటర్’ అనీ, లైనక్స్‌లో పనిచేస్తుందనీ స్పష్టంగా ముద్రించారు. పాత సీడీలు చక్కగా తెరుచుకున్నాయి, పాటలు వినిపించాయి. ఖాళీ సీడీ పెడితే మాత్రం రాయడం మొదలుకాకుండానే ఆగిపోయేది.

అమ్మినవారిని అడిగితే, వస్తువులో లోపమేమీ లేదని, నేనే మాడ్యూళ్లు (లైనక్స్ మూల భాగమైన కెర్నెల్‌కు పరికరాలను నడపడం నేర్పే చిన్న ప్రోగ్రాములు) సరిగా అమర్చుకోలేదని చెప్పి ఒక సూచనల పత్రం పంపారు. బూట్ లైన్‌లో, అంటే కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు కెర్నెల్‌కు ఇచ్చే ఆదేశాల వరుసలో, ‘హెచ్‌డీసీ=ఐడీఈ-స్కజీ’ అని చేర్చి, ఐడీఈ-స్కజీ మాడ్యూల్‌ను మోడ్‌ప్రోబ్ అనే ఆదేశంతో ఎక్కించమని అందులో ఉంది. అది 2.4 కెర్నెల్ నాటి పద్ధతి. అప్పట్లో ఐడీఈ కేబుల్‌కు (కంప్యూటర్ లోపల డ్రైవ్‌లను కలిపే పాత రకం కేబుల్) తగిలించిన రైటర్‌ను స్కజీ అనే మరో రకం పరికరంగా చూపిస్తే తప్ప, సీడీలు రాసే సీడీరికార్డ్ ప్రోగ్రాము దానిపై రాయగలిగేది కాదు. 2.6తో ఆ అవసరం తీరిపోయింది. 2021లో వచ్చిన 5.14 కెర్నెల్ నుంచి పాత ఐడీఈ విభాగాన్నే తొలగించారు. అసలు యూఎస్‌బీ పరికరానికి ఆ సూచనతో ఏనాడూ పని లేదు. దీనికి కావలసిన మాడ్యూళ్లు యూఎస్‌బీ-స్టోరేజ్, ఎస్‌ఆర్_మోడ్, కొన్ని ప్రోగ్రాములకైతే ఎస్‌జీ కూడా. ఎక్కి ఉన్న మాడ్యూళ్లను చూపే ఎల్‌ఎస్‌మోడ్ ఆదేశం కొట్టి చూస్తే నా దగ్గర ఆ మూడూ ఎక్కే ఉన్నాయి. అయినా తప్పు నాదేనేమోనన్న అనుమానంతో కెర్నెల్‌ను మళ్లీ కంపైల్ చేసుకుంటూ రోజులు పోగొట్టుకున్నాను. ఈలోగా వాపసు గడువు దాటిపోయింది.

ఆ తర్వాత, కెర్నెల్ సందేశాలను చూపే డీమెసేజ్‌లో ఎస్‌ఆర్0 (ఈ డ్రైవ్‌కు లైనక్స్ పెట్టిన పేరు) గురించిన వాక్యం అమ్మినవారికి పంపితే, అందులో ‘సీడీ/ఆర్‌డబ్ల్యూ’ అని ఉంది కదా, ఇది రైటరే అన్నారు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ మాటకు అర్థం తిరగరాయగల సీడీలను ఈ డ్రైవ్ చదవగలదని మాత్రమే. రాయగల డ్రైవ్ అయితే అదే వాక్యంలో ‘రైటర్’ అనే మాట విడిగా కనిపించాలి. నాకు వచ్చిన దానిలో అది లేదు. చివరికి ‘/ప్రాక్/సిస్/డెవ్/సీడీరామ్/ఇన్ఫో’ అనే ఫైలు తెరిచి చూస్తే, ‘కెన్ రైట్ సీడీ-ఆర్’ ఎదురుగా 0 ఉంది, ‘కెన్ రైట్ సీడీ-ఆర్‌డబ్ల్యూ’ ఎదురుగానూ 0 ఉంది. రైటర్ పేరుతో నాకు అంటగట్టింది కేవలం చదివే డ్రైవ్. ఏ మాడ్యూల్ ఎక్కించినా అది రాయదు.

కాబట్టి డ్రైవ్ చేతికి అందిన రోజే, మరే అమరికా ముట్టుకోకముందే, ఆ ఫైలులో ఈ రెండు వరుసలు చూడండి. ఒకటికి మించి డ్రైవ్‌లు ఉంటే అంకెలు పక్కపక్కన నిలువు వరుసల్లో వస్తాయి, ఏది ఏ డ్రైవ్‌దో పై వరుసలో ఉన్న పేరును బట్టి పోల్చుకోవాలి. సున్నా కనిపిస్తే తెరను ఫొటో తీసి వెంటనే వాపసు కోరండి. నేను ఇదే ఆధారం పంపినా, గడువు దాటిందన్న ఒక్క మాటతో తిప్పికొట్టారు. అదే డ్రైవ్ అదే బొమ్మతో, అదే ‘సీడీ రైటర్’ పేరుతో ఈరోజు కూడా అమ్మకానికి ఉంది.