దానంతట అదే కనెక్ట్ అవుతుంది... అయినన్నాళ్లూ

స్క్రీన్ ఎన్ని అంగుళాలు, స్పీకర్లు ఎన్ని, లైట్లు ఎన్ని రంగులు మారుతాయి లాంటివి చెప్పడానికి కూర్చోలేదు. అవన్నీ బ్రోషర్‌లోనే ఉంటాయి. కొన్నేళ్లుగా ఈ కారు నడుపుతున్నాను. ఇంజిన్ మీద, మైలేజీ మీద నాకు పెద్దగా ఫిర్యాదుల్లేవు. నా గొడవంతా డ్యాష్‌బోర్డు మధ్యలో ఉన్న ఆ స్క్రీన్‌తో, అందులోనూ అది ఫోన్‌తో కలిసే పద్ధతితో. కలిసినప్పుడు ముద్దొస్తుంది. అలిగిందంటే మాత్రం ఎందుకు అలిగిందో చచ్చినా చెప్పదు.

ముందు మంచే చెప్తాను. ఫోన్‌లోని మ్యాప్, పాటలు, కాల్స్ కారు స్క్రీన్ మీద చూపించే గూగుల్ ఏర్పాటే ఆండ్రాయిడ్ ఆటో. కారు కొన్నప్పుడు నా చేతిలో ఉన్న పాత ఫోన్‌కి అది వైర్‌లెస్‌గా, అంటే కేబుల్ లేకుండా, పనిచేసేది కాదు. 2020లో ఆండ్రాయిడ్ 11 వచ్చాకే 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉన్న ఫోన్లకు అది మామూలు సౌకర్యం అయింది. అంతకుముందు కొన్ని మోడళ్లకే ఉండేది. అందుకని మొదట్లో ఎక్కగానే కేబుల్ పెట్టడం, దిగేటప్పుడు పీకడం, సగంసార్లు ఫోన్ కారులోనే మర్చిపోయి మళ్లీ వెనక్కి రావడం. ఫోన్ మార్చాక ఆ బాధ పోయింది. జేబులోంచి తీయక్కర్లేదు. బండి స్టార్ట్ చేసి సీటు బెల్టు పెట్టుకునేలోపు మ్యాప్ స్క్రీన్ మీద ఉంటుంది, నిన్న ఆపిన పాట ఆపిన చోటినుంచే మొదలవుతుంది. ఆ కొత్తలో ఎవరు కారెక్కినా ఇది చూపించకుండా వదిలిపెట్టలేదు. వైర్ల కాలం పోయిందని చెప్పి ఒకరిద్దరి చేత వైర్‌లెస్ ఉన్న మోడలే కొనిపించాను కూడా.

ఇది లోపల ఎలా జరుగుతుందో కాస్త తెలిసుంటే, చెడినప్పుడు ఎక్కడ చూడాలో తెలుస్తుంది. వైర్‌లెస్ అనగానే అంతా బ్లూటూత్ అనుకుంటాం. బ్లూటూత్ పని పరిచయం చేయడం వరకే. కారు తన వైఫై పేరు, పాస్‌వర్డ్ బ్లూటూత్ ద్వారా ఫోన్‌కి ఇస్తుంది. ఫోన్ ఆ వైఫైకి కలుస్తుంది. మ్యాప్ బొమ్మ, పాటలు, టచ్ చేసిన ప్రతి నొక్కూ ఆ తర్వాత వైఫై మీదే నడుస్తాయి. ఫోన్ కాల్స్ మాత్రం బ్లూటూత్ దారిలోనే ఉండిపోతాయి. కాంటాక్టుల పేర్లు రావడం కూడా బ్లూటూత్‌లో వేరే ఏర్పాటు. కాబట్టి కాల్స్ బాగానే వస్తూ మ్యాప్ రావడం లేదంటే బ్లూటూత్‌ని తిట్టి లాభం లేదు. జబ్బు ఆ పై మెట్టులో ఎక్కడో ఉంది.

నా కారుకి సరిగ్గా అదే జబ్బు వచ్చింది.

పాత బ్యాటరీ అయిపోతే కొత్తది వేయించాను. మెకానిక్ పని నీట్‌గా చేశాడు, బ్యాటరీ తీసినందుకు చెరిగిపోయిన గడియారాన్ని కూడా తనే సరిచేసి ఇచ్చాడు. బయల్దేరాను. కాల్ వచ్చింది, మాట్లాడాను. మ్యాప్ రాలేదు. స్క్రీన్ మీద గుండ్రంగా తిరిగి తిరిగి చివరికి కనెక్ట్ కాలేదని, మళ్లీ ప్రయత్నించమని వచ్చింది. మళ్లీ అదే. ఆపి స్టార్ట్ చేసినా అదే.

అదే వారం ఫోన్‌కి ఓ అప్‌డేట్ వచ్చి ఉండటంతో మొదటి అనుమానం దాని మీదికే పోయింది. కారులో ఫోన్ పేరు తీసేశాను, ఫోన్‌లో కారు పేరు తీసేశాను. ఇది రెండు వైపులా చేయాలి. ఒకవైపే తీసేస్తే పాత తాళం ఒకరి దగ్గర మిగిలిపోయి పెయిరింగ్ ఇంకా మొరాయిస్తుంది. ఆండ్రాయిడ్ ఆటో సెట్టింగ్స్‌లో పాత కార్ల జాబితా వేరేగా ఉంటుంది, అది కూడా తుడిచాను. కొత్తగా పెయిర్ చేస్తే బ్లూటూత్ ఠక్కున కలిసింది. మ్యాప్ లేదు.

తర్వాత స్క్రీన్‌నే రీస్టార్ట్ చేశాను. చాలా కార్లలో తాళం తీసేసినంత మాత్రాన స్క్రీన్ పూర్తిగా ఆగిపోదు, కునుకు తీస్తుందంతే. అందుకే పాత చిక్కు ఏదైనా ఉంటే మర్నాటికి కూడా అలాగే ఉంటుంది. నా కారులో వాల్యూమ్ బటన్ వదలకుండా కాసేపు నొక్కి పట్టుకుంటే కంపెనీ లోగో వచ్చి మొదటినుంచీ లేస్తుంది. ఇది మామూలుగా సగం రోగాలకు మందు. ఈసారి పనిచేయలేదు.

సరే, వైఫైదే తేడా అయ్యుంటుందని సొరుగులోంచి పాత కేబుల్ తీశాను. పెట్టగానే ఛార్జింగ్ ఎక్కింది, స్క్రీన్ మీద ఆశగా ఏదో కదిలింది, మళ్లీ అదే మాట. కేబుల్‌ని అనుమానించాను. ఛార్జింగ్ ఎక్కినంత మాత్రాన కేబుల్ మంచిదని చెప్పలేం. మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్లో నాలుగు తీగలుంటాయి. రెండు కరెంటుకి, రెండు డేటాకి. చవగ్గా వచ్చే కొన్నిటిలో డేటా తీగలే ఉండవు. కంప్యూటర్‌కి పెట్టి చూస్తే ఫోన్‌లోని ఫొటోలు కనిపించాయి, అంటే ఈ కేబుల్‌కి ఆ లోపం లేదు. కారులో పోర్టు కూడా సరైనదే, ఫోన్ గుర్తు ఉన్నది. పక్కనున్నది ఛార్జింగ్‌కి మాత్రమే. ఫోన్ అడుగున ఉన్న రంధ్రంలో జేబు నూలు పేరుకుపోయి ఉంటే పిన్ను పూర్తిగా కూర్చోదు, అది కూడా సన్నటి చెక్కపుల్లతో తీసేశాను. చాలా నూలే వచ్చింది. మ్యాప్ మాత్రం రాలేదు.

సర్వీస్ సెంటర్‌కి వెళ్తే, కారులో ఏ తేడా లేదు, మీ ఫోన్ ప్రాబ్లమే సార్ అన్నారు. పక్కనే ఉన్న మా ఆవిడ తన ఫోన్ తీసి పెట్టింది. అందులోనూ రాలేదు. రెండు వేర్వేరు కంపెనీల ఫోన్లు, ఒకటి అప్‌డేట్ అయింది, ఒకటి కాలేదు. రెండూ కూడబలుక్కుని ఒకేసారి చెడిపోవు కదా. ఆ మాట అంటే వెంటనే ఇంకో మెట్టు ఎక్కారు, అలాగైతే స్క్రీన్ యూనిట్ మొత్తం మార్చాల్సి రావచ్చన్నారు. ఆలోచించుకుని చెప్తామని వచ్చేశాం.

అసలు సంగతి బయటపెట్టింది మా ఆవిడే, అదీ వేరే పని మీద. స్క్రీన్ ముట్టుకున్నప్పుడల్లా వచ్చే టిక్కు టిక్కుమనే చప్పుడు తనకి చిరాకు. దాన్ని ఆపడానికి సెట్టింగ్స్‌లో వెతుకుతూ, "ఏమండీ, ఇందులో జనవరి ఒకటి అని ఉందేంటి?" అంది. చూస్తే జనవరి ఒకటే, కానీ ఏ సంవత్సరం? మా కారు తయారవడానికి ముందు సంవత్సరం. స్క్రీన్ మూలన గంటలు, నిమిషాలు మాత్రమే కనిపిస్తాయి. మెకానిక్ సరిచేసింది ఆ రెండే. తేదీ లోపలి పేజీలో ఉంటుంది, దాన్ని ఎవరూ చూడలేదు. గంటలు చేత్తో మార్చినప్పుడు, శాటిలైట్ నుంచి సమయం తీసుకునే ఆప్షన్ కూడా ఆఫ్ అయిపోయింది.

ఆ ఆప్షన్ ఆన్ చేశాం. తేదీ మారింది. ఫోన్ ఇంకా నా జేబులోనే ఉంది, మ్యాప్ దానంతట అదే వచ్చేసింది.

తేదీకీ మ్యాప్‌కీ ఏం సంబంధం అనిపించడం సహజం. కారు, ఫోన్ కలిసే ముందు ఒకదానికొకటి డిజిటల్ సర్టిఫికెట్లు చూపించుకుంటాయి. బ్యాంకు వెబ్‌సైట్ తెరిచినప్పుడు బ్రౌజర్ చేసే తనిఖీ లాంటిదే. ప్రతి సర్టిఫికెట్ మీదా ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందని ఉంటుంది. కారు తాను ఎప్పటిదో పాత సంవత్సరంలో ఉన్నాననుకుంటోంది. దాని లెక్కలో ఎదుటివాళ్లు చూపిస్తున్న సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. కాబట్టి చెల్లదు, పొమ్మంది. బ్లూటూత్ కాల్స్‌కి ఈ తేదీల తనిఖీ ఉండదు, అందుకే అవి హాయిగా వచ్చాయి. కేబుల్ పెట్టినా ఈ తనిఖీ తప్పదు, అందుకే కేబుల్‌తోనూ పని జరగలేదు. తెలిశాక అంతా ఎంత సూటిగా ఉందో చూడండి.

నాకు మండింది ఇక్కడే. తేదీ తప్పుందని అర్థం చేసుకోవడం కారుకి రాకపోవచ్చు, సరే. కానీ సర్టిఫికెట్ తేదీ కుదరలేదు కాబట్టి వద్దంటున్నానన్న సంగతి దానికి తెలుసు. వద్దన్నదే అది. కంప్యూటర్‌లో గడియారం వెనకబడితే బ్రౌజర్ ఆ మాట మొహం మీదే చెప్తుంది, తేదీ సరిచేసుకోమంటుంది. ఇంత పెద్ద స్క్రీన్ పెట్టి, దాని మీద 'తేదీ చూసుకోండి' అని రెండు మాటలు రాయడానికి చోటు లేకపోయిందా? ఆ రెండు మాటలుంటే పెయిరింగులు తుడిచేవాణ్ణి కాదు, సర్వీస్ సెంటర్ గడప తొక్కేవాణ్ణి కాదు, పనిచేస్తున్న యూనిట్‌ని పీకి మార్చే దాకా మాట వెళ్లేది కాదు. 'మళ్లీ ప్రయత్నించండి' అని రాసినవాళ్లు ఒక్కసారైనా మళ్లీ ప్రయత్నించి ఉంటారా అని నా అనుమానం.

ఇప్పుడు బండి సర్వీసుకి ఇచ్చినప్పుడల్లా, బ్యాటరీ తీస్తే తేదీ కూడా సెట్ చేయాలని జాబ్ కార్డులో రాయిస్తున్నాను. రాసుకునే కుర్రాడు ప్రతిసారీ వింతగా చూస్తాడు.

తీరా అంతా బాగయ్యాక, వైర్‌లెస్ మీద మునుపటంత మోజు నిలవలేదు. దానికి కారణం తేదీ గొడవ కాదు, వేడి. దూరప్రయాణంలో ఫోన్ ఒకేసారి ఎన్ని పనులు చేస్తుందో చూడండి. జీపీఎస్ నడుస్తుంది, మొబైల్ డేటా నడుస్తుంది, వైఫై మీద కారుకి ఆగకుండా వీడియోలా బొమ్మ పంపుతుంది. దాన్ని తీసుకెళ్లి వైర్‌లెస్ ఛార్జింగ్ పలక మీద పెడితే అదో వేడి. ఎండ కూడా తోడైతే ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి ఛార్జింగ్ తగ్గించేస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది. మ్యాప్‌లో బాణం మలుపు దాటాక తిరుగుతుంది. తెలియని ఊళ్లో ఆ ఒక్క క్షణం ఆలస్యం ఎంత టెన్షన్ పెడుతుందో అనుభవిస్తేనే తెలుస్తుంది. అందుకని రోజువారీ తిరుగుడుకి వైర్‌లెస్, పొద్దున బయల్దేరి సాయంత్రం చేరే ప్రయాణానికి కేబుల్ అని స్థిరపడ్డాను. కేబుల్ మీటరుకి మించకుండా చూసుకుంటే మంచిది, ఆండ్రాయిడ్ ఆటోకి గూగుల్ చెప్పే కొలత కూడా దాదాపు అంతే. పొడుగాటి కేబుల్ గేరు దగ్గర నలిగి నలిగి, ఏ గతుకులోనో ఒక్క క్షణం వదులై మ్యాప్‌ని మాయం చేస్తుంది.

మరో మెలిక ఆఫీసు ఫోన్‌తో. అందులో వీపీఎన్, అంటే ఫోన్ ఇంటర్నెట్‌ని రహస్య దారిలో పంపే ఏర్పాటు, ఎప్పుడూ ఆన్‌లో ఉంటుంది. అది ఆన్‌లో ఉన్నంతసేపూ వైర్‌లెస్ కలవదు, ఆపితే వెంటనే కలుస్తుంది. అన్ని వీపీఎన్‌లూ ఇలా చేయవు గానీ, మీకు కాల్స్ వచ్చి మ్యాప్ రాకపోతే తేదీ తర్వాత చూడాల్సింది ఇదే. ఆ తర్వాత బ్యాటరీ సేవర్. మా తమ్ముడిది ఐఫోన్, అందులో ఆండ్రాయిడ్ ఆటో లాంటి పనే చేసే కార్‌ప్లే. తనకి వచ్చిన తిప్పలు వేరే రకం. ఫోన్ లాక్‌లో ఉండగా కేబుల్ పెడితే స్క్రీన్ రాదు, లాక్ తీస్తే వస్తుంది. సెట్టింగ్స్‌లో జనరల్, కార్‌ప్లే, కారు పేరు దగ్గరికి వెళ్లి, లాక్‌లో ఉన్నా అనుమతించే ఆప్షన్ ఆన్ చేస్తే కుదిరింది. అంతకు మించి ఐఫోన్ గురించి నన్ను అడగొద్దు.

కొనొచ్చా అని అడిగితే నా జవాబు నా ఇంటి పరిస్థితిని బట్టే ఉంటుంది. కారు నడిపేది ఒక్కరే, ఫోన్ ఒకటే, తిరిగేది దగ్గర దూరాలే అయితే ఈ వైర్‌లెస్ సుఖాన్ని మించింది లేదు, కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. మా ఇంట్లో ఇద్దరం నడుపుతాం, ఇద్దరివీ పెయిర్ అయి ఉన్నాయి. ఇద్దరం కలిసి ఎక్కితే కారు ఎవరి ఫోన్ పట్టుకుంటుందో దాని ఇష్టం. నేను మ్యాప్ పెట్టుకుని బయల్దేరదామనుకునేసరికి మా ఆవిడకి వాళ్ల అక్క చేసిన కాల్ కారంతా వినిపిస్తుంటుంది. ఒక ఫోన్ నుంచి ఇంకోదానికి మారాలంటే మూడు పేజీలు లోపలికి వెళ్లాలి, బండి కదిలాక ఆ పేజీలు తెరుచుకోవు. మాది కొంచెం పాత యూనిట్, కొత్తవాటిలో ఇది బాగుపడి ఉండొచ్చు. ఈసారి కారు చూడ్డానికి వెళ్తే రెండు ఫోన్లూ పట్టుకెళ్లి, షోరూమ్‌లోనే పెయిర్ చేసి, ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడానికి ఎన్ని నొక్కులు పడతాయో చూశాకే టెస్ట్ డ్రైవ్ అడుగుతాను.